కుడివైపు కాజాలు

మాస్టరు పదో తరగతి గడప తొక్కలేదు. అయినా వీధి వీధంతా ఆయన్ని మాస్టరనే పిలుస్తుంది. దర్జీ కొట్లో గుడ్డ కత్తిరించేవాణ్ణి అలా పిలవడం మామూలే. డిగ్రీ చదివి, ఆఫీసులో పెద్ద గుమాస్తా అయి, తల ముగ్గుబుట్టైన ఆయన తమ్ముణ్ణి మాత్రం అందరూ ఇప్పటికీ చిన్నోడనే అంటారు. ఈ తేడా మాస్టరుకి లోలోపల మహా ఇష్టం. పైకి మాత్రం, పిలుపులో ఏముందండీ, అంటూ నవ్వేస్తాడు.

కొట్టు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ముందు కత్తిరింపు బల్ల, దాని వెనక తండ్రి నాటి తొక్కుడు మిషను, మిషను ముందు చెక్క స్టూలు. ఆ స్టూలు మాస్టరుది. గుమ్మం దగ్గర, వీధి వెలుతురు పడేచోట ఒక పీట ఉంటుంది. అది చిన్నోడిది. ఆఫీసు వదలగానే తిన్నగా ఇంటికి పోకుండా అతను ఇక్కడికి వస్తాడు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకుంటాడు. మూలనున్న బకెట్లో నీళ్ళతో చేతులు కడుక్కుని, వేలు వేలూ తుడుచుకుని, పీట మీద కూర్చుని ఆ రోజు తయారైన చొక్కాలకి కాజాలు కుడతాడు. సుద్దతో గీత గీసి, చిన్న కత్తెరతో చీలిక చేసి, దారానికి మైనం పట్టించి, చీలిక చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోతాడు. కాజాలు కుట్టే మిషన్లు వచ్చి చాలాకాలమైనా, ఆ చేతి కాజాల కోసమే దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు.

అంత ఆఫీసరు అలా గుమ్మంలో పీటేసుకుని కూర్చోవడం చూసి కొత్తవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వాళ్ళకి చెప్పడానికి మాస్టరు దగ్గర ఒక కథ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తండ్రి మంచాన పడిన రోజుల్లో తను బడి మానేసి మిషనెక్కిన వైనం, తమ్ముడి చదువు ఆగకూడదని నలుగురి ముందూ తను అన్న మాట, అది విని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం, అన్నీ వరసగా చెబుతాడు. వాడు అది మర్చిపోలేదండీ, ఇదిగో, ఇప్పటికీ వచ్చి చేతనైన సాయం చేసి పోతాడు, అని ముగిస్తాడు. కథ నడుస్తున్నంతసేపూ చిన్నోడు తల వంచుకుని కుట్టుకుంటూ ఉంటాడు. వినయం అంటే అదీ అని చూసినవాళ్ళు అనుకుంటారు. ఎప్పుడైనా పని ఒత్తిడిలో అతను మిషను మీద చెయ్యి వెయ్యబోతే మాస్టరు పడనివ్వడు. ఫైళ్ళు పట్టుకునే చేతులురా అవి, నూనె మరకలు నీకెందుకు, అని ప్రేమగా కసిరి పంపేస్తాడు.

ఈ నెలాఖరుకి చిన్నోడు రిటైరవుతున్నాడు. మాస్టరుకి కూడా కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. వీధి చివర నడిచి వచ్చేది ఎవరో చెప్పగలడు గానీ, చేతిలో సూది బెజ్జం ఎక్కడుందో చెప్పలేడు. ఆపరేషనూ అయింది, అద్దాలూ మారాయి, దగ్గరి చూపు మాత్రం తిరిగి రాలేదు. అందుకని కొట్టుని పక్కనే ఉన్న మందుల షాపాయనకి ఇచ్చెయ్యడానికి మాట ఇచ్చేశాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే ఖాళీ అవుతారు, పొద్దున్నే కలిసి నడకకి పోవచ్చు, పార్కులో బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకోవచ్చు, అని ఇద్దరి తరఫునా తానే ఒక పథకం వేసి పెట్టాడు. చిన్నోడి చెవిన వేస్తే, నీ ఇష్టం అన్నయ్యా, అన్నాడు. వాడు ఎప్పుడూ ఆ మాటే అంటాడు. అందుకే మాస్టరుకి వాడంటే ప్రాణం.

ఆ సాయంత్రం మాస్టరు భార్య పాఠ్యపుస్తకం చంకన పెట్టుకుని కొట్టుకొచ్చింది. పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్ళు పడ్డాక ఇంట్లో పొద్దుపోక, ఆవిడ దూరవిద్యలో డిగ్రీకి కట్టింది. మొదట్లో ఇరుగుపొరుగు నవ్వారు. మాస్టరూ కొంచెం నవ్వాడు. ఆవిడ మాత్రం మొదటి ఏడు గట్టెక్కి, రెండో ఏడు కూడా అవగొట్టి, ఇప్పుడు చివరి ఏడులో ఉంది. ఈసారి ఇంటి దగ్గర రాసి పంపాల్సిన జవాబుల్లో ఒక కథని విశ్లేషించమన్నారు. చిన్నోడి సాయం తీసుకుందామని వచ్చింది.

"ఏమండీ, ఆ కత్తెర కాసేపు ఆపండి. పరీక్ష నాది, చప్పుడు మీది," అంటూ బల్ల మీద గుడ్డలు పక్కకి జరిపి కథ పైకి చదవడం మొదలుపెట్టింది.

రాళ్ళు కొట్టుకుని బతికే ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. తండ్రి కాలు బండకింద పడి నలిగిపోతుంది. పెద్దకొడుకు తన పుస్తకాల సంచి తీసి తమ్ముడి భుజానికి తగిలించి, తను సుత్తి భుజాన వేసుకుని క్వారీకి పోతాడు. తమ్ముడు చదివి చదివి వంతెనలు కట్టే ఇంజనీరు అవుతాడు. చాలా ఏళ్ళకి కారులో తిరిగొచ్చి, క్వారీలో దిగి, కింద పడున్న రాతిముక్క ఒకటి తీసి గుండెకి హత్తుకుని ఏడుస్తాడు. పగిలిన చేతులతో అన్న అతని వీపు నిమురుతాడు. అక్కడితో కథ అయిపోతుంది.

ఆవిడ చదివే తీరు బావుంటుంది. చొక్కా కోసం వచ్చిన ఒకాయన డబ్బులిచ్చాక కూడా కదలకుండా నిలబడి విన్నాడు. మాస్టరైతే మెళ్ళో వేళ్ళాడే టేపు చివరతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఎవడో మనింటి కిటికీ పక్కన నిలబడి రాసినట్టుందే, అని చొక్కా ఆయనకి తన కథ మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. పుస్తకంలోకి ఎక్కిన కథ కావడంతో ఆ రోజు దానికి కొత్త మెరుపు వచ్చింది. చొక్కా ఆయన చేతులు జోడించి మరీ వెళ్ళాడు.

చిన్నోడు కాజా మీంచి తలెత్తకుండా విశ్లేషణ చెప్పాడు. ఆఫీసులో నోటు చెప్పి రాయించినట్టే ఒక్క మాటా తడబడలేదు. పేదరికంలో పుట్టినా విలువల్లో ధనికులైన కుటుంబం, త్యాగానికి ప్రతిరూపం అన్న పాత్ర, మూలాలను మరవని మనిషి గొప్పతనం, అంటూ చెప్పుకుపోతుంటే ఆవిడ గబగబా రాసుకుంది.

"మరి తమ్ముడి పాత్ర?" అంది కలం ఆపి.

"కృతజ్ఞతకి ప్రతిరూపం అని రాసెయ్యి."

"అంతేనా?"

"అంతే వదినా. కథల్లో తమ్ముళ్ళకి అంతకన్నా పనుండదు," అని దారం పళ్ళతో కొరికాడు.

ఆవిడ అతనికేసి కాసేపు చూసింది. రాసుకున్న కాగితం ఒకసారి తిరగేసి, ఇదంతా నువ్వు రాసినట్టుంది గానీ నేను రాసినట్టు లేదు, ఇంకోసారి చదువుకుంటాలే, అని పుస్తకం సర్దుకుని వెళ్ళిపోయింది. చక్కగా చెబితే ఇంకా సందేహమేమిటని మాస్టరు విసుక్కున్నాడు. చదువు ముదిరితే ఇంతే, అని తమ్ముడివైపు చూసి కన్ను గీటాడు. చిన్నోడు నవ్వాడు.

మర్నాడు సాయంత్రం మందుల షాపాయన టేపు పట్టుకుని వచ్చాడు. రెండు కొట్లకీ మధ్య గోడ తీయించి ఒకటే చేస్తాడట. ఆయన టేపు గోడమీద వంకరగా పట్టుకోవడం చూడలేక మాస్టరే అందుకుని, తిన్నగా లాగి, ఆ చివరనుంచి ఈ చివరకి కొలిచి చెప్పాడు. తన కొట్టుని తనే కొలిచి ఇచ్చిన దర్జీని నేనేనేమో, అని జోకు కూడా వేశాడు. మందుల షాపాయన మంచి మనిషి. జోకుకి నవ్వి, మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మాస్టరూ, ఈ మిషను ఇక్కడే ఉంచెయ్యండి. పైన మిషను పీకేసి, ఈ ఇనప కాళ్ళ మీద అద్దం వేయిస్తే బిల్లులు రాసుకునే బల్ల అవుతుంది. ఇప్పుడది ఫ్యాషను."

"మరి పైది?"

"దానికేముంది, పాత ఇనప సామాన్లవాడు తీసుకుపోతాడు."

మాస్టరు ఒక్క క్షణం చక్రం మీద చెయ్యి వేశాడు. తర్వాత, పాతదే కదా, అలాగే కానివ్వండి, అన్నాడు. కళ్ళు పోయాక మిషను ఇంట్లో పెట్టుకుని పూజ చేసుకుంటామా, అని కూడా అన్నాడు. అప్పటికి చిన్నోడు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడియారం విప్పి చేతిలో పట్టుకున్నాడు గానీ జేబులో వేసుకోవడం మర్చిపోయినట్టున్నాడు. మందుల షాపాయన పలకరిస్తే తల ఊపాడు. ఆయన వెళ్ళాక చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి పీట మీద కూర్చున్నాడు.

ఆ రోజు పని పెద్ద డాక్టరుగారి తెల్లకోటు. మర్నాడు మధ్యాహ్నం కాంపౌండరు వచ్చి పట్టుకెళ్తాడు. డాక్టరుగారు మందుల దగ్గర ఎలా ఉంటారో తెలీదు గానీ బట్టల దగ్గర మాత్రం కుట్టు వెంట్రుకవాసి తప్పినా ఒప్పుకోరు. కోటంతా మాస్టరు కుట్టేశాడు. కళ్ళతో కాదు, వేళ్ళ అలవాటుతో. ఇక కాజాలు, గుండీలే మిగిలాయి. చిన్నోడు మామూలుకంటే తొందరగా కాజాలు ముగించి, కోటు మడత పెట్టి బల్ల మీద ఉంచాడు.

చూపు తగ్గాక మాస్టరు ప్రతి బట్టా వేలితో తడిమి చూసుకుంటాడు. కోటు కాలరు తడిమాడు, భుజం తడిమాడు, ముందు పట్టీ మీదకి బొటనవేలు జార్చాడు. కాజా తగలలేదు. ఇంకొంచెం కిందకి జార్చాడు. అక్కడా లేదు. రెండో పట్టీ తడిమేసరికి వరసగా తగిలాయి. నున్నగా, ఒద్దికగా, ఏ లోపమూ లేని కాజాలు. కాకపోతే అన్నీ కుడివైపు.

"చిన్నోడా, ఇదేంట్రా?"

చిన్నోడు లేచి వచ్చి చూశాడు. మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమవైపు, గుండీలు కుడివైపు. కొట్లో కొత్తగా చేరినవాడు కూడా మొదటి రోజే నేర్చుకునే సంగతి. కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ అతుక్కోదు. 

మాస్టరుకి కోపం వచ్చింది. మనసెక్కడ పెట్టి కుట్టావురా, అని గట్టిగానే అన్నాడు. ఆ గొంతు వినడం చిన్నోడికి కొత్త. రేపు పొద్దున్నే నేను చూస్తాలే అన్నయ్యా, అన్నాడు మెల్లగా. దాంతో మాస్టరు కోపం రెట్టింపయింది.

"నువ్వేం చూస్తావురా? ఆ ముందు భాగం మొత్తం మార్చాలి. భుజం, పక్క, చంక, కాలరు అన్నీ విప్పి కొత్త ముక్క ఎక్కించాలి. అది కాజాలు కుట్టడం కాదు. నా కళ్ళు ఆ పని చెయ్యలేవు, నీకు చేతకాదు. రేపు వెళ్ళి డాక్టరుగారి దగ్గర తలొంచుకుని నిలబడతా, అంతే."

చిన్నోడు కోటు తీసి తనే కొక్కేనికి తగిలించాడు. ఇద్దరూ కొట్టు మూసి, ఒకే ఇంటికి నడిచి వెళ్ళారు. చిన్నోడు మెట్లెక్కి పై వాటాలోకి పోయాడు. మాస్టరు కింద తన వాటాలోకి పోయాడు.

తెల్లారాక మాస్టరు టీ గ్లాసు ముందు పెట్టుకుని డాక్టరుగారితో ఏమనాలో లోపల్లోపల వల్లె వేసుకుంటున్నాడు. ఎదురుగా భార్య కాగితాలు పరుచుకుని కూర్చుంది. కథ ఇంకోసారి చదివిందట, కొత్తగా రాసిందట, వినమంది. ఇప్పుడు కథలు వినే ఓపిక లేదన్నాడు. వినకపోతే టీ మళ్ళీ దొరకదంది.

"ఇందులో మొదట్లోనే ఒక వాక్యం ఉందండీ. చిన్నవాడు బండని సుత్తితో తట్టి, మోత విని, ఎక్కడ పగులుతుందో చెప్పేవాడట. పెద్దవాడికి అది అంతుబట్టేది కాదట. ఒక్కటే వాక్యం. మొన్న పైకి చదివినప్పుడు నేనూ దాటేశాను."

"అయితే ఏమిటట?"

"చివర్లో తమ్ముడు రాతిముక్క పట్టుకుని ఏడ్చాడు కదా. మనవాడు కృతజ్ఞత అని రాయించాడు. కృతజ్ఞతే అయితే అన్న చేతులు పట్టుకుని ఏడవాలి గానీ, రాయి పట్టుకుని ఎందుకేడుస్తాడు?"

మాస్టరుకి ఈ మాట నచ్చలేదు. అయితే అన్న చేసిందంతా గంగలో కలిసినట్టేనా, అని అడిగాడు. ఆవిడ కలం కాగితాల మీద పెట్టి తాపీగా చెప్పింది.

"ఎందుకు కలుస్తుంది? అన్న చేతులు పగిలేలా కష్టపడ్డాడు, ఇల్లు నిలబెట్టాడు. కాదన్నదెవరు? కానీ కథ మొత్తం మీద, నీకేం కావాలిరా అని తమ్ముణ్ణి ఒక్కళ్ళూ అడగలేదు. అన్న అడగలేదు, అమ్మ అడగలేదు, రాసినాయన కూడా అడగలేదు. నేను అదే రాశాను."

"నీకు మార్కులు రావు."

"రాకపోతే మానె. జవాబు నాది."

మాస్టరు టీ సగం వదిలేసి చెప్పులేసుకున్నాడు. ఆడదానికి పుస్తకం చేతికిస్తే ఉన్న కథలో లేని కథ వెతుకుతుంది, అని సణుక్కుంటూ వీధిలో పడ్డాడు. ఆవిడ ఆయన గురించి ఒక్క ముక్క అనలేదు. క్వారీ గురించే మాట్లాడింది. మరి తనకెందుకు ఇంత గుచ్చుకుందో ఆయనకి అర్థం కాలేదు. నడుస్తుంటే, వద్దన్నా, బడి మానేసిన రోజు గుర్తొచ్చింది. కొట్లో చెప్పే కథలో లేని సంగతి ఒకటుంది. లెక్కల మాస్టారు చెవి మెలితిప్పి తిప్పి ఎర్రగా చేసిన రోజులవి. ఇక రేపటినుంచి బడికి పోనక్కర్లేదని తేలాక, పలక అటక మీదకి విసిరేసి ఆయన ఇంటిచుట్టూ ఒక పరుగు పరుగెత్తాడు. ఆ పరుగు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత ముఖ్యమైన విషయమని కూడా అనుకోలేదు.

వీధి అవతలి పక్కన, మందుల షాపుకి ఎదురుగా వచ్చేసరికి మిషను చప్పుడు వినిపించి ఆగిపోయాడు.

కొట్టు తలుపులు తీసి ఉన్నాయి. లోపల ఎవరో మిషను తొక్కుతున్నారు. ఆ చప్పుడు తనది కాదు. తను రెండు కాళ్ళతో, బలం కొద్దీ, గుర్రం పరుగెత్తించినట్టు తొక్కుతాడు. ఇది అలా లేదు. కొంచెం పోయి, నెమ్మదించి, మలుపు దగ్గర ఊపిరి తీసుకుని, మళ్ళీ సాగిపోతోంది. ఇలాంటి చప్పుడు ఆయన చిన్నప్పుడు మాత్రమే విన్నాడు. తండ్రి పోయాక మళ్ళీ వినలేదు.

దగ్గరివి కనబడని ఆయన కళ్ళకి వీధి అవతలినుంచి లోపలున్నవన్నీ శుభ్రంగా కనిపించాయి. స్టూలు మీద చిన్నోడు కూర్చుని ఉన్నాడు. ఆఫీసుకి వేసుకునే చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. ఎడమకాలి చెప్పు విప్పి పక్కన పెట్టి, ఒట్టికాలితో తొక్కుతున్నాడు. తల ఎడమకి వాల్చి మిషను మాట వింటున్నట్టున్నాడు. కుట్టు చివరికొచ్చాక కాలితో ఆపలేదు. అరచెయ్యి చక్రం మీద ఆనించి, పసిపిల్లవాడి తల మీద చెయ్యి వేసినంత మెత్తగా ఆపాడు. ఆ ఎడమ చెప్పూ, ఆ వాలిన తలా, ఆ అరచెయ్యీ మాస్టరుకి తెలుసు. తండ్రి అచ్చం అలాగే కుట్టేవాడు. తనకి ఎంత ప్రయత్నించినా అవి పట్టుబడలేదు.

మాస్టరు వీధి దాటి గుమ్మంలోకి వచ్చాడు. ఆయన్ని చూడగానే చిన్నోడు గభాలున లేచి నిలబడ్డాడు, ఆఫీసులో పై అధికారి గదిలోకి వచ్చినట్టు. మాస్టరు అలవాటు కొద్దీ వెళ్ళి ఖాళీ అయిన స్టూలు మీద కూర్చున్నాడు. ఒకరు లేచారు, ఒకరు కూర్చున్నారు. ఇద్దరికీ అందులో తప్పేమీ తోచలేదు.

కోటు చేతిలోకి తీసుకుని మాస్టరు వేలితో తడమడం మొదలుపెట్టాడు. ఎడమ పట్టీ మీద ఈసారి కాజాలు వరసగా తగిలాయి. కుడి ముందు భాగం కొత్తది. భుజం దగ్గర కుట్టు తిన్నగా ఉంది. చంక మలుపులో ఎక్కడా ముడత లేదు. గుడ్డ ఎక్కడిదిరా అని అడిగాడు. బల్లకింద మిగులు ముక్కల మూటలో ఉందన్నాడు చిన్నోడు. అది చాలదురా, కింద మూల తక్కువ పడుతుంది, నేను నిన్న లోపల్లోపల లెక్క వేసుకున్నాను, అన్నాడు మాస్టరు. అంటూనే ఆయన వేలు కింది జేబు అంచు దగ్గర ఆగింది. జేబు లోపలికి చెయ్యి పెట్టాడు. అతుకు అక్కడుంది. తక్కువ పడిన మూలకి చిన్నోడు చిన్న ముక్క వేసి, దాని మీద జేబు కూర్చోబెట్టాడు. డాక్టరుగారు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

"అతుకు జేబుకింద దాచడం నాన్న పద్ధతి కదరా," అన్నాడు మాస్టరు. "నీకెవరు నేర్పారు?"

"నాన్నే."

"ఎప్పుడు?"

"నాకు జ్వరాలొచ్చి బడి మాన్పించారే, ఆ ఏడు. నువ్వు బడికి పోయేవాడివి. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. కాలు అందేది కాదు, చక్రం చేత్తో తిప్పేవాణ్ణి." చిన్నోడు వేలికి అంటిన నూనె గుడ్డముక్కతో తుడుచుకుంటూ చెప్పాడు. "ఇది నీదేరా అనేవాడు నాన్న. మిషను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మాస్టరు కోటు జేబులోంచి చెయ్యి తీశాడు.

"మరి ఆ రోజు నోరెందుకు విప్పలేదురా?"

"ఎలా విప్పను అన్నయ్యా? చిన్నోడు చదువుకోవాలి, మిషను నేను చూసుకుంటానని నువ్వు అందరి ముందూ అన్నావు. అమ్మ నిన్ను పట్టుకుని ఏడ్చింది. చుట్టాలంతా నిన్ను మెచ్చుకున్నారు. నాకోసం అంత చేస్తున్నవాడితో, నాకు మిషనే కావాలని ఏ నోటితో చెప్పను?"

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఎప్పుడో సర్దుకుపోయిన విషయం చెబుతున్నట్టే చెప్పాడు. చదువు వల్ల తనకి నష్టమేమీ జరగలేదని, ఉద్యోగం బాగానే గడిచిందని, అన్నయ్య చెమటతోనే అది వచ్చిందని ఎప్పుడూ మర్చిపోలేదని కూడా అన్నాడు. అదీ నిజమేనని మాస్టరుకి తెలుసు. ఆయన కష్టం అబద్ధం కాదు. కానీ అటక మీద పడ్డ పలకా, ఇంటిచుట్టూ పెట్టిన పరుగూ కూడా అబద్ధం కాదు. తనకి అక్కర్లేనిది తమ్ముడికిచ్చి, తమ్ముడికి కావలసినది తను తీసుకుని, దానికి త్యాగమని పేరు పెట్టుకుని, ఈ కొట్లో వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అది వింటూ వాడు తల వంచుకుని ముడులు వేసుకుంటూ పోయాడు.

"రోజూ వచ్చి కాజాలు కుడుతుంటే, నా ఋణం తీర్చుకుంటున్నావనుకున్నాన్రా."

చిన్నోడు నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే అది, కానీ మాస్టరు దాన్ని ఇవాళే చూశాడు.

"కాజాల కోసమే వచ్చేవాణ్ణి అన్నయ్యా. నువ్వు అవొక్కటే కుట్టనిచ్చేవాడివి."

మాస్టరు కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. నెలాఖరు గుర్తొచ్చింది. అద్దం వేయించిన బల్ల, పాత ఇనప సామాన్లవాడు, పార్కులో బెంచీ, పేపరు, అన్నీ గుర్తొచ్చాయి. ఆ పథకం చెప్పినప్పుడు, నీ ఇష్టం అన్నయ్యా, అని వాడన్న మాట మళ్ళీ వినిపించింది. ఇన్నేళ్ళు ఆ మాటని ఒప్పుకోలు అనుకున్నాడు. టీ గ్లాసు ముందు భార్య అన్నది అప్పుడు తలకెక్కింది. మెళ్ళో టేపు సవరించుకుని, తమ్ముడి మొహంలోకి చూశాడు. అంత దగ్గర్లో ఆ మొహం మసగ్గానే కనిపించింది.

"సరే. ఇప్పుడడుగుతున్నా. నీకేం కావాలిరా?"

చిన్నోడు గోడకేసి చూశాడు, కోటుకేసి చూశాడు, మిషను చక్రంకేసి చూశాడు. ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టు వెతుక్కుంటున్నాడనిపించింది. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అయితే, కాస్త లే అన్నయ్యా. కాలరు ఇంకా సగంలోనే ఉంది."

మాస్టరు లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. చిన్నోడు స్టూలు మీద కూర్చుని, ఎడమకాలు చెప్పులోంచి తీసి తొక్కుడు పలక మీద పెట్టాడు. మాస్టరు కాసేపు పక్కనే నిలబడ్డాడు. పోయినేడు తను నూనె వెయ్యడం మర్చిపోయిన చోటు చూపించాడు. అది పొద్దున్నే వేశాను, ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టాను, అన్నాడు చిన్నోడు. ఇంక అక్కడ ఆయన చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. వచ్చి గుమ్మం దగ్గరి పీట మీద కూర్చున్నాడు. పీట ఇంత కిందకుంటుందని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు. వీధి వెలుతురు మాత్రం ఇక్కడే బాగా పడుతోంది. మందుల షాపాయనకి ఏం చెప్పాలా అని ఆలోచించాడు. మంచివాడే, రెండు మాటలు అంటాడు, పడితే పోయింది. నెలాఖరు తర్వాత పొద్దున్నే నడకకి తనొక్కడే పోవాలి కాబోలు. పోయి తిరిగొచ్చి ఇక్కడ కూర్చోవచ్చు.

పీట పక్కన డబ్బాలో గుండీలున్నాయి. కోటుకి కావలసినవి వేలితో ఏరి ఒళ్ళో పెట్టుకున్నాడు. సూదీ దారమూ తీసుకుని రెండు మూడుసార్లు ప్రయత్నించాడు. దారం బెజ్జం పక్కనుంచే పోయింది. లేచి, సూదీ దారమూ మిషను బల్ల మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు. చిన్నోడు కుట్టు చివరిదాకా వెళ్ళి, అరచేత్తో చక్రం ఆపి, దారం ఎక్కించి, వెనక్కి తిరిగి అందించాడు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చే వేళకి మాస్టరు భార్య జవాబు కాగితాలు పోస్టు చేయడానికి అటుగా వెళ్తూ ఆగింది. స్టూలు మీద ఎవరున్నారో చూసింది, పీట మీద ఎవరున్నారో చూసింది. కవరు ఇంకా అంటించలేదు, ఏమైనా మార్చమంటారా, అంది. ఒక్క అక్షరం మార్చొద్దన్నాడు మాస్టరు. ఆవిడ కవరు అంచు నాలుకతో తడిపి, అక్కడే నిలబడి అంటించి, పోస్టు డబ్బా వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కాంపౌండరు వచ్చాడు. గుమ్మంలో పీట మీద కూర్చున్న మనిషిని చూసి కొంచెం తికమకపడ్డాడు.

"మాస్టరుగారూ, డాక్టరుగారి కోటు అయిందా?"

ఆయన గుండీ మీంచి తలెత్తకుండా, మిషను వైపు గడ్డం చూపించాడు.

"మాస్టర్ని అడగండి," అన్నాడు.